ల్యాప్‌టాప్‌లో కంపైల్ అయిన డ్రైవర్ ఆర్మ్ బోర్డ్‌కి ఎందుకు కంపైల్ కాదు? ఎర్రర్లు చదివే పద్ధతి

ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో మేక్ కొడితే ఒక్క వార్నింగ్ కూడా లేకుండా కంపైల్ అయిన లినక్స్ డ్రైవర్, అదే కోడ్, ఆర్మ్ బోర్డ్ కోసం కంపైల్ చేస్తే స్క్రీన్ నిండా ఎర్రర్లు. ఇక్కడ చాలామంది చేసేది ఒకటే. ఎర్రర్ లైన్‌ని నెట్‌లో వెతకడం, ఎక్కడో దొరికిన క్యాస్ట్‌ని తెచ్చి అతికించడం, ఎర్రర్ పోయేదాకా అలాగే సాగడం. చివరికి కంపైల్ అవుతుంది, మాడ్యూల్ లోడ్ కూడా అవుతుంది. రెండు రోజుల తర్వాత బోర్డ్ హ్యాంగ్ అయితే మాత్రం కారణం దొరకదు.

మామూలు యాప్‌లో ఇలాంటి తప్పు ఉంటే యాప్ క్రాష్ అవుతుంది, మళ్లీ ఓపెన్ చేసుకుంటాం. డ్రైవర్ కథ వేరు. అది కెర్నల్ లోపల నడుస్తుంది, పైగా దాని మాట విని హార్డ్‌వేర్ నేరుగా ర్యామ్‌లోకి డేటా రాస్తుంది. అడ్రస్‌లో సగం పోతే ఆ డేటా వేరే ఎవరి మెమరీ మీదో పడుతుంది. అందుకే ఎర్రర్‌ని పోగొట్టే ముందు ఒక ప్రశ్న అడగాలి: ఈ కోడ్ రాసినవాడు మెషీన్ గురించి ఏం అనుకుని రాశాడు, ఈ మెషీన్‌లో అందులో ఏది నిజం కాదు?

ఉదాహరణకి నా దగ్గరున్న ఒక పీసీఐఈ హెచ్‌డీఎంఐ క్యాప్చర్ కార్డ్ డ్రైవర్‌ని తీసుకుంటున్నా. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. సోర్స్ కోడ్ జిప్ ఫైల్‌గా ఇచ్చారు, ఇంటెల్ పీసీని దృష్టిలో పెట్టుకుని రాసిన కోడ్ అది. దాన్ని నేను రెండు బోర్డులకి కంపైల్ చేశా. ఒకటి రాక్‌చిప్ ఆర్‌కే3588 ఉన్న 64-బిట్ ఆర్మ్ బోర్డ్, రెండోది ఐ.ఎంఎక్స్6 చిప్ ఉన్న పాత 32-బిట్ ఆర్మ్ బోర్డ్. ఒక్క చిన్న మాట: కమాండ్లు, ఫంక్షన్ పేర్లు అన్నీ పలికినట్టే తెలుగులో రాస్తున్నా, మీరు టెర్మినల్‌లో ఇంగ్లీష్‌లో కొట్టుకోండి.

కంపైలర్ ఎవరి కోసం పని చేస్తోంది?

కోడ్ ఫైల్ తెరవకముందే చూడాల్సింది ఇది. ఆర్కిటెక్చర్ ఎర్రర్ అనుకునే వాటిలో చాలా వాటికి కోడ్‌తో సంబంధమే ఉండదు. కెర్నల్ బిల్డ్‌కి రెండు విషయాలు చెప్పాలి. ఏ ఆర్కిటెక్చర్ కోసం అన్నది 'ఆర్చ్' వేరియబుల్ చెబుతుంది, ఏ కంపైలర్‌తో అన్నది 'క్రాస్_కంపైల్' చెబుతుంది. 64-బిట్ ఆర్మ్‌కి అయితే ఆర్చ్ విలువ ఆర్మ్64, క్రాస్_కంపైల్ విలువ 'ఏఆర్చ్64-లినక్స్-గ్ను-'. చివర ఉన్న ఆ చిన్న గీత వదలొద్దు. అది కంపైలర్ పేరు కాదు, పేరుకి ముందు తగిలించే ముక్క. దాని వెనక జీసీసీ అని బిల్డ్ సిస్టమే చేర్చుకుంటుంది.

ఈ రెండింటిలో ఒకటి ఇచ్చి ఒకటి మర్చిపోతే వచ్చే ఎర్రర్లు చూడగానే గుర్తుపట్టొచ్చు. ఆర్చ్ ఇచ్చి క్రాస్_కంపైల్ ఇవ్వకపోతే ల్యాప్‌టాప్‌లోని ఇంటెల్ జీసీసీకి ఆర్మ్ ఆప్షన్లు వెళ్తాయి. అది '-ఎంఏబీఐ=ఎల్‌పీ64' నాకు తెలియదు, నాకు తెలిసినవి ఎంఎస్, సిస్‌వీ రెండే అంటుంది. అదే క్రాస్_కంపైల్ ఇచ్చి ఆర్చ్ మర్చిపోతే సీన్ రివర్స్. ఆర్మ్ జీసీసీకి ఇంటెల్ ఆప్షన్లు వెళ్తాయి, '-ఎం64' ఏంటో తెలియదని అది ఆగిపోతుంది. అన్‌రికగ్నైజ్డ్ ఆప్షన్, అన్‌రికగ్నైజ్డ్ ఆర్గ్యుమెంట్ అనే మాట కనిపిస్తే డ్రైవర్ కోడ్ ముట్టుకోకండి, కమాండ్ చూడండి. ఇంకోటి, ఆర్చ్ దగ్గర ఏఆర్చ్64 అని రాస్తే 'ఆర్చ్/ఏఆర్చ్64/మేక్‌ఫైల్' దొరకలేదని వస్తుంది. కంపైలర్ దాన్ని ఏఆర్చ్64 అంటుంది, కెర్నల్ ఫోల్డర్ పేరు మాత్రం ఆర్మ్64. ఒకే చిప్‌కి రెండు పేర్లు, ఏం చేస్తాం.

రాస్‌బెర్రీ పై 4 వాడేవాళ్లకి ఇంకో తిరకాసు. 32-బిట్ రాస్‌బెర్రీ పై ఓఎస్ వేసినా, 2023 నుంచి వచ్చిన అప్‌డేట్లలో కెర్నల్ 64-బిట్‌దే బూట్ అవుతుంది. 'యూనేమ్ -ఎం' కొడితే ఏఆర్చ్64 అని చూపిస్తుంది. కానీ లోపల ఉన్న జీసీసీ 32-బిట్‌ది. కెర్నల్ మేక్‌ఫైల్ యూనేమ్ మాట నమ్మి ఆర్మ్64 ఆప్షన్లు పంపిస్తుంది, 32-బిట్ కంపైలర్‌కి అవి అర్థం కావు. 'జీసీసీ -డంప్‌మెషీన్' కొట్టండి, కంపైలర్ ఎవరి కోసమో అదే చెప్పేస్తుంది. యూనేమ్ చెప్పేదీ ఇది చెప్పేదీ కలవకపోతే సమస్య అక్కడే. కాన్ఫిగ్.టీఎక్స్‌టీలో 'ఆర్మ్_64బిట్=0' పెట్టి 32-బిట్ కెర్నల్‌కి వెళ్లొచ్చు, లేదంటే పూర్తి 64-బిట్ ఓఎస్ వేసుకోవచ్చు. నేనైతే రెండోదే చెబుతా.

ఫోన్‌కి కస్టమ్ కెర్నల్ బిల్డ్ చేసేవాళ్లు 4.14, 4.19 కెర్నళ్లలో 'క్రాస్_కంపైల్_ఆర్మ్32' అనే మూడో వేరియబుల్ చూసే ఉంటారు. కెర్నల్ 64-బిట్ అయినా, పాత 32-బిట్ యాప్‌ల కోసం లోపల ఒక చిన్న 32-బిట్ ముక్క కూడా కంపైల్ అవ్వాలి, దానికి వేరే కంపైలర్ కావాలి. మెయిన్‌లైన్ కెర్నల్‌లో దీని పేరు 'క్రాస్_కంపైల్_కంపాట్'. ఇది ఇవ్వనందుకు వచ్చే ఎర్రర్ కూడా కోడ్ ఎర్రర్ కాదు.

ఆర్కిటెక్చర్ తేడానా, కెర్నల్ వెర్షన్ తేడానా?

ఈ రెండూ కలిసిపోతే గంటలు పోతాయి. ల్యాప్‌టాప్‌లో ఒక వెర్షన్ కెర్నల్, బోర్డ్‌లో ఇంకో వెర్షన్ ఉంటుంది. మీరు ఆర్మ్ మీద తోసేసే ఎర్రర్ నిజానికి వెర్షన్ మార్పు వల్ల వచ్చింది కావచ్చు.

మంచి ఉదాహరణ 'ఏఎస్ఎం/అన్‌అలైన్డ్.హెచ్ దొరకలేదు' అనే ఎర్రర్. ఏఎస్ఎం ఫోల్డర్ అంటేనే ఆర్కిటెక్చర్‌కి సంబంధించిన హెడర్లు ఉండే చోటు. కాబట్టి ఆర్మ్‌లో ఈ హెడర్ లేదేమో అనిపిస్తుంది. అసలు విషయం ఏంటంటే, 6.12 కెర్నల్‌లో ఆ హెడర్‌ని లినక్స్ ఫోల్డర్‌లోకి మార్చారు. ఇంటెల్‌లో 6.12 వేసినా ఇదే ఎర్రర్ వస్తుంది. దీనికి పక్కనే 'ఏఎస్ఎం/ఎంఎస్ఆర్.హెచ్ దొరకలేదు' అని ఆర్మ్64లో వస్తే మాత్రం అది నిజమైన ఆర్కిటెక్చర్ ఎర్రర్. ఎంఎస్ఆర్‌లు అంటే ఎక్స్86 ప్రాసెసర్ రిజిస్టర్లు, ఆర్మ్‌లో అవి లేనే లేవు. రెండు ఎర్రర్ల రూపం ఒకటే, కారణాలు వేరు.

తేల్చుకోవడానికి ఒకే దారి: ఒకే కెర్నల్ వెర్షన్ సోర్స్‌ని ఎక్స్86కీ ఆర్మ్64కీ కంపైల్ చేసి, రెండింటి మీదా డ్రైవర్‌ని బిల్డ్ చేయడం. రెండింటిలో వస్తే వెర్షన్ సమస్య, ఒక్కదాంట్లోనే వస్తే ఆర్కిటెక్చర్ సమస్య. ఇలా చేసేటప్పుడు '-జే8' లాంటివి తీసేసి ఒక్క జాబ్‌తోనే నడపండి, అవుట్‌పుట్‌ని ఒక ఫైల్‌లోకి పంపి మొదటి ఎర్రర్ దగ్గరే ఆగండి. ఒక హెడర్ దొరక్కపోతే దాని వెనక యాభై ఎర్రర్లు వరుసకడతాయి, ఆ యాభై చదవడం టైమ్ వేస్ట్. మేక్‌కి 'వీ=1' కూడా ఇస్తే జీసీసీకి వెళ్లే పూర్తి కమాండ్ కనిపిస్తుంది.

64-బిట్ ఆర్మ్‌లో ఆగిన చోట్లు

ఎక్స్86-64 నుంచి ఆర్మ్64కి వెళ్లడం కాస్త తేలిక. రెండింటిలో పాయింటర్ 64 బిట్లు, లాంగ్ 64 బిట్లు. కాబట్టి సైజు గొడవలు ఉండవు. వచ్చేవి ప్రధానంగా రెండు రకాలు.

మొదటిది 'ఇంప్లిసిట్ డిక్లరేషన్ ఆఫ్ ఫంక్షన్'. మీరు వాడిన ఫంక్షన్ ఏ హెడర్‌లో ఉందో ఆ హెడర్‌ని మీ ఫైల్‌లో ఇంక్లూడ్ చేయలేదు. మరి ఇంటెల్‌లో ఎలా అయింది? అక్కడ ఇంకేదో హెడర్ తనతో పాటు దాన్నీ లాక్కొచ్చింది. 2015 వరకు ఎక్స్86 ఐఓ హెడర్ లోపల వీమ్యాలాక్ హెడర్ ఉండేది. దాన్ని తీసేసిన రోజున, వీమ్యాలాక్‌ని వాడుతూ దాని హెడర్‌ని సొంతంగా అడగని కోడ్ అంతా బయటపడింది. ఏ ఫంక్షన్ వాడితే దాని హెడర్‌ని మీరే ఇంక్లూడ్ చేయండి, అంతే.

కొందరు ఇక్కడ ఫంక్షన్ ప్రోటోటైప్‌ని చేత్తో రాసేస్తారు. అది వద్దు. కెర్నల్ దీన్ని వార్నింగ్‌గా వదలకుండా ఎర్రర్‌గా ఎందుకు పెట్టిందో చూడండి. పాత సీ రూల్ ప్రకారం, డిక్లరేషన్ లేని ఫంక్షన్ ఇంట్ తిరిగిస్తుందని కంపైలర్ అనుకుంటుంది. ఇంట్ అంటే 32 బిట్లు. వీమ్యాలాక్ తిరిగిచ్చేది 64 బిట్ల పాయింటర్. పై సగం తెగిపోయిన అడ్రస్ మీ చేతిలో మిగులుతుంది. చేత్తో రాసిన ప్రోటోటైప్‌లో ఒక్క టైప్ తేడా వచ్చినా అదే గతి.

రెండోది ఇన్‌లైన్ అసెంబ్లీ. నా కార్డ్ డ్రైవర్‌లో 'అన్‌నోన్ నెమానిక్' అంటూ ఎంఫెన్స్ దగ్గర ఆగింది. ఎంఫెన్స్ అనేది ఎక్స్86 ఇన్‌స్ట్రక్షన్, ఆర్మ్ అసెంబ్లర్‌కి అది తెలియదు. ఆ లైన్ తీసేస్తే ఎర్రర్ పోతుంది, నిజమే. తీసేయకూడదు.

ఆ లైన్ ఎందుకుందో చూద్దాం. డ్రైవర్ ర్యామ్‌లో ఒక డిస్క్రిప్టర్ రాస్తుంది: ఈ ఫ్రేమ్‌ని ఈ అడ్రస్‌లో పెట్టు, సైజు ఇంత అని. తర్వాత అదే డిస్క్రిప్టర్‌లో ఓనర్ బిట్‌ని మార్చి, ఇక నీదే అని కార్డ్‌కి అప్పగిస్తుంది. చివర్లో కార్డ్ రిజిస్టర్‌లో ఒక విలువ రాసి తలుపు తడుతుంది, దీన్నే డోర్‌బెల్ అంటారు. ఈ మూడూ ఇదే వరుసలో కార్డ్‌కి కనపడాలి. ఎక్స్86 ప్రాసెసర్ ఒక కోర్ రాసిన వాటిని రాసిన వరుసలోనే బయటికి చూపిస్తుంది. ఆర్మ్ అలా కాదు, వేగం కోసం ఆ వరుస మార్చే స్వేచ్ఛ దానికి ఉంది. అంటే బ్యారియర్ అవసరం ఇంటెల్ కంటే ఆర్మ్‌లోనే ఎక్కువ, మనం తీసేద్దామనుకున్నది సరిగ్గా దాన్నే. అప్పుడు ఓనర్ బిట్ ముందు కనపడి, అడ్రస్ తర్వాత కనపడొచ్చు. ఆ మధ్యలో కార్డ్ డిస్క్రిప్టర్ చదివితే దానికి దొరికేది పాత అడ్రస్.

సరైన మార్పు ఇది. డిస్క్రిప్టర్ రాయడానికీ ఓనర్ బిట్ మార్చడానికీ మధ్యలో 'డీఎంఏ_డబ్ల్యూఎంబీ' పెట్టాలి. డోర్‌బెల్‌ని మామూలు పాయింటర్‌తో కాకుండా 'రైట్‌ఎల్' ఫంక్షన్‌తో రాయాలి, ఆర్మ్‌లో కావాల్సిన బ్యారియర్ దాని లోపలే ఉంటుంది. వేగం కోసమని 'రైట్‌ఎల్_రిలాక్స్‌డ్' వాడితే ఆ బ్యారియర్ ఉండదు, గుర్తుంచుకోండి. నా డ్రైవర్‌లో డోర్‌బెల్ వోలటైల్ పాయింటర్‌తో రాశారు. కంపైలర్ దాన్ని తప్పు అనలేదు, ఎంఫెన్స్ ఎర్రర్ వెంట వెళ్లాను కాబట్టి కనపడింది. ఈ విషయం మీద 'మెమరీ-బ్యారియర్స్' అనే పెద్ద డాక్యుమెంట్ కెర్నల్ సోర్స్‌లోనే ఉంది. కష్టంగా ఉంటుంది, అయినా మొదటి భాగం చదవండి.

టైమ్ కొలవడానికి వాడే ఆర్‌డీటీఎస్‌సీ ఇన్‌స్ట్రక్షన్ దగ్గరైతే 'ఇంపాసిబుల్ కన్‌స్ట్రెయింట్' అని వస్తుంది. ఎక్స్86 రిజిస్టర్ పేర్లు అడిగారు, ఆర్మ్‌లో అవి లేవు. దాని బదులు 'కేటైమ్_గెట్' వాడితే చాలు. ఫ్లోట్, డబుల్ లాంటివి వాడినచోట '-ఎంజనరల్-రెగ్స్-ఓన్లీ'తో కుదరదని ఆర్మ్64 కంపైలర్ చెబుతుంది. కెర్నల్ కోడ్‌లో దశాంశాలు వద్దు, లెక్కని పూర్ణాంకాల్లోకి మార్చుకోండి.

32-బిట్‌లో అసలు పరీక్ష

ఇక్కడ పాయింటర్ 32 బిట్లు, లాంగ్ 32 బిట్లు. 64-బిట్ పీసీ మీద రాసినప్పుడు ఎవరికీ కనపడని ఊహలన్నీ ఒక్కసారి బయటికొస్తాయి.

చిన్నవి ముందు. '1యుఎల్ << 40' అని రాస్తే షిఫ్ట్ కౌంట్ టైప్ వెడల్పు కంటే ఎక్కువైందని వస్తుంది, 'బిట్_యుఎల్‌ఎల్' వాడండి. యు64 విలువని ప్రింట్ చేసేటప్పుడు '%ఎల్ఎక్స్' కాదు, '%ఎల్ఎల్ఎక్స్'. సైజ్_టీకి '%జెడ్‌యు'.

ఇక భాగహారం. కంపైల్ అంతా అయిపోయి చివర్లో మోడ్‌పోస్ట్ దశలో, '__ఏఈఏబీఐ_యుఎల్‌డివ్‌మాడ్ అన్‌డిఫైన్డ్' అని వస్తుంది. ఫైల్ పేరు లేదు, లైన్ నంబర్ లేదు. మీ కోడ్‌లో ఆ పేరుతో ఫంక్షనే లేదు. మరి ఎక్కడిది? 32-బిట్ ఆర్మ్‌లో 64-బిట్ సంఖ్యని భాగించే ఇన్‌స్ట్రక్షన్ లేదు. అందుకని మీ భాగహారం గుర్తు ఉన్న చోట కంపైలర్ ఈ ఫంక్షన్‌ని పిలుస్తుంది. మామూలు ప్రోగ్రామ్‌లకి అది జీసీసీతో వచ్చే లైబ్రరీలో దొరుకుతుంది. ఆర్మ్ కెర్నల్ ఆ లైబ్రరీతో లింక్ కాదు. 32-బిట్ ఇంటెల్‌లో ఇదే ఎర్రర్ '__యుడివ్‌డీఐ3' పేరుతో వస్తుంది.

లైన్ కనిపెట్టాలంటే మీ ఫోల్డర్‌లోని ఒక్కో డాట్-ఓ ఫైల్ మీద ఎన్ఎం నడిపి ఆ పేరు ఎందులో ఉందో చూడండి. ఫైల్ దొరికాక 'ఆబ్జ్‌డంప్ -డీఆర్' కొడితే ఏ ఫంక్షన్ లోపల పిలుస్తోందో కనిపిస్తుంది. క్రాస్ కంపైల్ కాబట్టి ఆబ్జ్‌డంప్ కూడా ఆర్మ్ ముక్క తగిలించినదే వాడాలి. నా డ్రైవర్‌లో అది డేటా వేగం లెక్క: మొత్తం బైట్లని గడిచిన నానోసెకన్లతో భాగించే చోటు.

దీనికి నెట్‌లో వెంటనే దొరికే సలహా డు_డివ్. ఆగండి. డు_డివ్ రెండో సంఖ్యని 32 బిట్లుగానే తీసుకుంటుంది, ఎక్కువుంటే పై బిట్లు వదిలేస్తుంది, ఒక్క మాట కూడా చెప్పదు. గడిచిన సమయం 5 సెకన్లు అనుకోండి, అంటే 5,000,000,000 నానోసెకన్లు. 32 బిట్లలో పట్టేది 4,294,967,295 వరకే. మిగిలేది 705,032,704. అంటే 5 సెకన్లు కాస్తా 0.7 సెకన్లు అవుతాయి, వేగం ఏడు రెట్లు ఎక్కువ చూపిస్తుంది. ఆ కింది 32 బిట్లు సరిగ్గా సున్నా అయిన క్షణం వస్తే సున్నాతో భాగించినట్టే. రెండు వైపులా 64-బిట్ సంఖ్యలుంటే 'డివ్64_యు64' వాడాలి, భాజకం నిజంగా 32 బిట్లే అయితే 'డివ్_యు64'. డు_డివ్ తన మొదటి సంఖ్యనే మార్చేసి శేషాన్ని తిరిగిస్తుంది, జవాబుని తిరిగివ్వదు. ఈ ఒక్క కారణానికైనా కొత్త కోడ్‌లో దాన్ని నేను వాడను.

తర్వాత 'ఇంటీజర్ ఆఫ్ డిఫరెంట్ సైజ్' వార్నింగ్. యు64 విలువని పాయింటర్‌గా మార్చినప్పుడు వస్తుంది. మధ్యలో 'యుఇంట్‌పీటీఆర్_టీ' క్యాస్ట్ వేస్తే పోతుంది. వేయొచ్చా అంటే, ఆ యు64 లోపల ఏముందన్నదాని మీద ఆధారపడుతుంది. మీరే ఒక పాయింటర్‌ని అందులో దాచుకుని మళ్లీ తీస్తుంటే వేయొచ్చు, ఏమీ పోదు. లోపలున్నది డీఎంఏ అడ్రస్ లేదా ఫిజికల్ అడ్రస్ అయితే వేయకూడదు. 32-బిట్ ప్రాసెసర్ అయినంత మాత్రాన ఫిజికల్ అడ్రస్ 32 బిట్లే అని లేదు. 8 జీబీ రాస్‌బెర్రీ పై 4లో 32-బిట్ కెర్నల్ నడిపితే, ఎల్‌పీఏఈ అనే పద్ధతితో 40 బిట్ల ఫిజికల్ అడ్రస్‌లు వాడుతుంది. అక్కడ ఈ క్యాస్ట్ 4 జీబీ పైనున్న అడ్రస్‌ల తల నరికేస్తుంది. వీటిని 'డీఎంఏ_యాడ్ర్_టీ', 'ఫిజ్_యాడ్ర్_టీ' టైపుల్లోనే ఉంచండి. ప్రింట్ చేయాలంటే వాటికి '%ప్యాడ్', '%పీఏ' ఉన్నాయి.

రీడ్‌క్యూ, రైట్‌క్యూ: రెండు సగాల సమస్య

32-బిట్‌లో నన్ను ఎక్కువసేపు ఆపింది ఇదే. 'ఇంప్లిసిట్ డిక్లరేషన్ ఆఫ్ ఫంక్షన్ రీడ్‌క్యూ'. మళ్లీ హెడర్ మర్చిపోయారేమో అనిపిస్తుంది. హెడర్ ఉంది, ఫంక్షనే లేదు. రీడ్‌క్యూ అంటే హార్డ్‌వేర్ రిజిస్టర్ నుంచి 64 బిట్లని ఒక్కసారిలో చదవడం. ఆ గ్యారంటీ ఇవ్వలేని 32-బిట్ ఆర్మ్‌లో కెర్నల్ ఆ ఫంక్షన్‌ని కావాలనే ఇవ్వలేదు.

బదులుగా రెండు హెడర్లు ఉన్నాయి: 'ఐఓ-64-నాన్‌అటామిక్-లో-హై' ఒకటి, 'హై-లో' ఒకటి. ఏదో ఒకటి ఇంక్లూడ్ చేస్తే రీడ్‌క్యూ, రైట్‌క్యూ వచ్చేస్తాయి, కంపైల్ అయిపోతుంది. లోపల జరిగేది రెండు 32-బిట్ చదవడాలు. మొదటి హెడర్‌లో కింది సగం ముందు, రెండో దాంట్లో పై సగం ముందు. కంపైలర్‌కి రెండూ ఒకటే. కార్డ్‌కి ఒకటి కాదు.

నా కార్డ్‌లో నానోసెకన్లు లెక్కపెట్టే ఒక 64-బిట్ కౌంటర్ ఉంది. పై సగం 5, కింది సగం 4,294,967,295 దగ్గర ఉందనుకోండి. డ్రైవర్ కింది సగం చదివింది. ఆ వెంటనే కౌంటర్ ఒక అడుగు వేసింది: పై సగం 6, కింది సగం 0. ఇప్పుడు పై సగం చదివితే 6 వస్తుంది. రెండూ కలిపితే అసలు సమయం కంటే 4.29 సెకన్లు ముందుకి. వరుస మార్చి పై సగం ముందు చదివితే అదే తేడా వెనక్కి పడుతుంది. రెండు చదవడాల మధ్య ఆ కొద్ది క్షణంలోనే కౌంటర్ దాటాలి కాబట్టి ఇది ఎప్పుడో గానీ జరగదు. అరగంట టెస్ట్ చేస్తే బయటపడకపోవచ్చు, రాత్రంతా రికార్డింగ్ పెడితే మధ్యలో ఎక్కడో ఆడియో, వీడియో విడిపోతాయి. చదివే విషయంలో పరిష్కారం ఉంది. పై సగం, కింది సగం, మళ్లీ పై సగం చదవండి. రెండు పై సగాలూ ఒకటే అయితే తీసుకోండి, లేదంటే మళ్లీ మొదలుపెట్టండి.

రాయడంలో మాత్రం ఇలాంటి దారి లేదు. ఈ డ్రైవర్ ఫ్రేమ్ బఫర్ అడ్రస్‌ని రైట్‌క్యూతో ఒక 64-బిట్ రిజిస్టర్‌లో రాస్తుంది. 32-బిట్‌లో అది రెండు రాతలవుతుంది. మొదటి సగం రాయగానే కార్డ్ పని మొదలుపెడితే? కొత్త కింది సగం, పాత పై సగం కలిసిన అడ్రస్‌కి పూర్తి వీడియో ఫ్రేమ్ వెళ్తుంది. అక్కడ ఎవరి డేటా ఉందో కార్డ్‌కి తెలియదు. ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ డ్రైవర్ కూడా లో-హై హెడర్‌నే వాడుతుంది, కానీ అక్కడ అడ్మిన్ క్యూ అడ్రస్‌లని కంట్రోలర్ ఆఫ్‌లో ఉన్నప్పుడు రాస్తారు. సగం సగం రాసినా చూసేవాళ్లు లేరు. దాన్ని చూసి ఇక్కడా అదే హెడర్ పెట్టేద్దాం అనుకోవడానికి లేదు. నా కార్డ్ నడుస్తూ ఉండగానే ప్రతి ఫ్రేమ్‌కీ ఈ రిజిస్టర్ మారుతుంది.

ఏ సగం రాస్తే కార్డ్ కదులుతుంది అన్నది దాని డేటాషీట్‌లో ఉండాలి. జిప్‌లో డేటాషీట్ లేదు. అందుకని 64-బిట్ ఆర్మ్ బిల్డ్‌ని వాడుకుంటూ, 32-బిట్‌కి మాత్రం ఆ ఫైల్ మొదట్లోనే 'కాన్ఫిగ్_64బిట్' లేకపోతే '#ఎర్రర్' వచ్చేలా మూడు లైన్లు పెట్టా. ఎందుకు ఆపానో ఆ మెసేజ్‌లోనే రాశా. కెర్నల్‌లో ఉండే డ్రైవర్ అయితే ఇదే పనికి కేకాన్ఫిగ్‌లో 'డిపెండ్స్ ఆన్ 64బిట్' అని రాస్తారు. కార్డ్ తయారుచేసినవాళ్లకి ఒకే ప్రశ్న పంపా: రిజిస్టర్‌లో ఏ సగం చివర రాయాలి? జవాబు వచ్చేదాకా ఐ.ఎంఎక్స్6 బోర్డ్‌లో ఈ కార్డ్ ఉండదు.